శాంతి ప్రయత్నంలో వేర్వేరు రంగాల నిపుణులు కలిసి పనిచేయడం ఎలా? పిలుపు నుంచి అప్పగింత దాకా సమగ్ర మార్గదర్శి

"మా బృందంలో డాక్టరు ఉన్నారు, లాయరు ఉన్నారు, ఇంజనీరు ఉన్నారు, రెండు వర్గాలూ గౌరవించే పెద్దలు ఉన్నారు. అయినా పని ముందుకు కదలడం లేదు. లోపం ఎక్కడుంది?" కొంతకాలంగా పాఠకులు నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది.

చదువు చాలక విఫలమైన శాంతి బృందాలు తక్కువ. తేల్చవలసిన ప్రశ్న ఏమిటో కలిసి కూర్చుని ఆలోచించకముందే ఎవరి జవాబు వారు వెంట తెచ్చుకుంటారు. అక్కడే పని చెడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం సన్నాహానికే కేటాయించాను. చర్చలు ఎలా జరపాలన్నది మాత్రమే కావాలనుకునేవారు కూడా దయచేసి మొదటి మూడు భాగాలు దాటేయకండి.

సులువుగా అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణను వెంట తీసుకెళ్దాం. ఒకే కాలువ మీద ఎగువన ఒక ఊరు, దిగువన ఒక ఊరు ఉన్నాయి. తూము దగ్గర జరిగిన కొట్లాటలో ఇద్దరు చనిపోయారు. అప్పటినుంచి రెండు ఊళ్ల మధ్య రాకపోకలు లేవు.

1. ఎవరు పిలిచారో, ఎంతవరకు పిలిచారో తేల్చుకోండి

ఒక పక్షం పిలిచింది, రెండో పక్షానికి తెలియదు. అలాంటప్పుడు మీరు మధ్యవర్తులు కారు, మొదటి పక్షం మనుషులు. రెండో పక్షం అంగీకారం వచ్చేదాకా ఊళ్లో అడుగు పెట్టకండి. ఆ అంగీకారం అయిష్టంగా ఇచ్చినదైనా ఫర్వాలేదు, కానీ స్పష్టంగా ఉండాలి.

తర్వాత ఒకే ఒక పేజీ రాయండి. ఇందులో ఏముండాలంటే:

- మమ్మల్ని ఎవరు రమ్మన్నారు, ఎవరు ఒప్పుకున్నారు
- మేము తేల్చేది ఏమిటి
- మేము తేల్చనిది ఏమిటి
- ఎంతకాలం ఉంటాం, ఖర్చు ఎవరిది
- ఏం జరిగితే పని ఆపేస్తాం

మూడో వాక్యం రాయడానికి చాలామంది వెనకాడతారు. నిజానికి బృందాన్ని నిలబెట్టేది అదే. గ్రీకు, తుర్కు సమాజాల మధ్య ఘర్షణలు జరిగిన సైప్రస్ ద్వీపంలో తప్పిపోయినవారి కోసం 1981లో ఏర్పడిన సంఘాన్ని చూడండి. దాని జాబితాలో 2,002 మంది ఉన్నారు. వారిలో 1,510 మంది గ్రీకు సైప్రియాట్లు, 492 మంది తుర్కు సైప్రియాట్లు. ఎవరు చంపారో, ఎలా చంపారో తేల్చడం ఆ సంఘం పని కాదు. అవశేషాలను వెలికితీసి, గుర్తించి, కుటుంబాలకు అప్పగించడమే పని. ఆ గీత ఉన్నందువల్లే రెండు సమాజాల శాస్త్రవేత్తలు ఒకే గుంత పక్కన, ఒకే ప్రయోగశాలలో పనిచేయగలిగారు. హంతకులెవరో తేలకపోవడం కుటుంబాలకు చిన్న బాధ కాదు. ఆ సంగతి దాచకుండా వారికి ముందే చెప్పాలి.

బయలుదేరే ముందు మీ రాక వల్ల కలిగే హాని గురించి కూడా ఆలోచించండి. జీపు ఎవరి ఇంటి ముందు ఆగుతుంది? మధ్యాహ్నం భోజనం ఎవరింట్లో? డ్రైవరు ఏ ఊరివాడు? మీరు నోరు విప్పకముందే జనం వీటిని బట్టి మిమ్మల్ని అంచనా వేస్తారు.

2. రంగాల జాబితా పక్కన పెట్టి, ప్రశ్నల జాబితా రాయండి

"ఒక లాయరు, ఒక డాక్టరు, ఒక ప్రొఫెసరు" అని మొదలుపెడితే బృందం చూడటానికి నిండుగా ఉంటుంది, పనికి మాత్రం అందిరాదు. ముందు ప్రశ్నలు రాయండి. ప్రతి ప్రశ్న ఎదుట, దానికి జవాబు చెప్పగలిగేవారిని రాయండి. కాలువ తగాదాలో ఈ జాబితా ఇలా ఉండవచ్చు:

- తూములోంచి నిజంగా ఎంత నీరు వస్తోంది? కొలవగల ఇంజనీరు, ఏళ్ల తరబడి ఆ తూము తిప్పిన లస్కరు.
- చనిపోయినవారి కుటుంబాలు ఏం కోరుతున్నాయి? కేసు సంగతి తెలిసిన లాయరు, దుఃఖంలో ఉన్నవారితో మాట్లాడడం తెలిసిన మానసిక ఆరోగ్య నిపుణులు.
- పుకార్లు ఎక్కడ పుట్టి ఎలా పాకుతున్నాయి? స్థానిక విలేకరి, బడి టీచరు.
- ఎవరు మాట ఇస్తే నిలుస్తుంది, ఎవరు అలిగితే ఆగిపోతుంది? సామాజిక శాస్త్రవేత్త, రెండు ఊళ్లలోనూ బంధువులున్న స్త్రీలు.

ఇందులో లస్కరు, టీచరు, ఆ స్త్రీలు డిగ్రీ నిపుణుల పక్కన సమానంగా కూర్చుంటారు. వారిని "సమాచారం ఇచ్చేవారు"గా బయట నిలబెట్టిన బృందాలు ఊరిని ఎప్పటికీ బయటినుంచే చూస్తాయి.

ప్రశ్న స్పష్టంగా ఉంటే రాజకీయం తెగకపోయినా పని నడుస్తుంది. 1974లో రెండుగా చీలిన సైప్రస్ రాజధాని నికోసియాలో 1970ల చివర ఇరువైపుల మేయర్లు లెల్లోస్ దెమెత్రియాదెస్, ముస్తఫా అకింజీ ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చారు. మురుగునీరు నగరాన్ని విడదీసిన గీతను చూసి ఆగదు కాబట్టి మురుగు వ్యవస్థ ఉమ్మడిగా ఉండాలి. ఇంజనీర్లకు కావలసిన ప్రశ్న దొరికింది. తర్వాత అదే సహకారం మొత్తం నగర ప్రణాళిక దాకా పెరిగింది.

ముఖ్య బృందం ఐదుగురు, మహా అయితే ఏడుగురు. మిగతావారిని అవసరమైన రోజున పిలవండి. దుబాసిని మాత్రం మొదటి రోజు నుంచే పూర్తి సభ్యుడిగా తీసుకోండి. తిట్టుకూ ఆవేదనకూ ఉన్న తేడా ముందుగా పట్టుకునేది ఆయనే.

చేర్చుకునే ముందు ప్రతి నిపుణుడినీ ఒక్క మాట అడగండి: "మీ సలహాను రెండు పక్షాలూ కాదంటే ఏం చేస్తారు?" దీనికి వచ్చే జవాబు ఆయన సర్టిఫికెట్ల కంటే ఎక్కువ చెబుతుంది.

3. మొదటి రెండు రోజులు మాటల మీదే గడపండి

అందరూ తొందరపడి దాటేసే మెట్టు ఇది. నేను గట్టిగా పట్టుబట్టేది కూడా దీని దగ్గరే.

అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి "భద్రత అంటే ఏమిటి? ఒక్క వాక్యంలో రాయండి" అని అడగండి. పోలీసు అధికారి "రాత్రి గస్తీ" అని రాస్తారు. లాయరు "సాక్షులకు బెదిరింపులు లేకపోవడం" అంటారు. ఇంజనీరుకు అది గట్టు తెగకపోవడం. మనస్తత్వ నిపుణురాలికి పిల్లవాడు ఉలిక్కిపడి లేవకుండా నిద్రపోవడం. దిగువ ఊరి నుంచి వచ్చిన సభ్యురాలు చివర్లో కాగితం తిప్పుతుంది: "మా అబ్బాయి పై ఊరి మీదుగా బస్సు దాకా వెళ్లి రావడం."

ఈ ఐదు కాగితాలూ గోడకు అంటించండి. ఏది సరైన నిర్వచనమో తేల్చకండి. నివేదికలో "భద్రత" అని రాసిన ప్రతిచోటా వీటిలో ఏదో చెప్పి తీరాలని నియమం పెట్టుకోండి. ఐదో కాగితం వల్ల బృందం మొదటి పనే మారిపోవచ్చు. బస్సు దాకా వెళ్లే దారి ఏ నిపుణుడి రంగంలోనూ లేదు, ఊరికి మాత్రం అదే ముందు కావాలి.

"న్యాయం", "సాక్ష్యం", "బాధితుడు", "పరిష్కారం" అనే మాటలకూ ఇదే చేయండి. "సాక్ష్యం" దగ్గర లాయరుకూ డాక్టరుకూ తప్పకుండా వాదం జరుగుతుంది. జరగనివ్వండి. ఇక్కడ జరగకపోతే రేపు ఊరివాళ్ల ముందు జరుగుతుంది.

రెండో రోజు గోప్యత గురించి. ప్రతి వృత్తికీ దాని కట్టుబాటు ఉంటుంది. డాక్టరు రోగి సంగతి చెప్పకూడదు. విలేకరి తెలిసింది రాయాలనుకుంటారు. పరిశోధకుడు పేర్లు తీసేసి ప్రచురిస్తారు. నేరం గురించి వింటే పోలీసు అధికారి చర్య తీసుకోక తప్పదు. వీరు నలుగురూ ఒకే తల్లి ముందు కూర్చుంటే, ఆమె చెప్పిన మాట నాలుగు దారుల్లో పోతుంది. కాబట్టి:

- విన్న ప్రతి మాటకూ మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: బృందం దాటకూడదు, పేరు లేకుండా చెప్పవచ్చు, బహిరంగంగా చెప్పవచ్చు.
- గుర్తు ఏదో చెప్పిన మనిషినే అడగండి.
- చట్టప్రకారం ఫిర్యాదు చేయవలసిన బాధ్యత ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, విన్న తర్వాత కాదు.
- పని జరుగుతున్నంతకాలం ఎవరూ విడిగా వ్యాసాలు రాయకూడదు, ఇంటర్వ్యూలు ఇవ్వకూడదు.
- నోటు పుస్తకాలు ఎక్కడ ఉంటాయో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో రాసుకోండి.

చివరగా కాలం. లాయరు వాయిదా తేదీ చూస్తారు, ఇంజనీరు పంట కాలం చూస్తారు, మానసిక నిపుణులు నెలలు అడుగుతారు. అందరి తేదీలూ ఒకే క్యాలెండరు మీద వేయండి. కొట్లాటలో చనిపోయిన ఆ ఇద్దరి సంవత్సరీకాలు కూడా వేయండి. ఆ వారంలో సమావేశాలు పెట్టకండి.

4. ఇద్దరిద్దరుగా వెళ్లి వినండి

ఒకే రంగంవారిని జంటగా పంపకండి. ఇంజనీరుతో మానసిక నిపుణురాలిని, లాయరుతో టీచరును పంపండి.

కొడుకును పోగొట్టుకున్న ఒక ముసలామె అరుగు మీద కూర్చుని ఉందనుకోండి. ఇంజనీరు "నీళ్లు ఎప్పుడు ఆగాయమ్మా?" అని అడుగుతారు. "మావాడు పోయిన రోజున" అంటుందామె. ఇంజనీరు పుస్తకంలో తేదీ రాసుకుంటారు. పక్కనున్న నిపుణురాలు కలం కింద పెట్టేస్తుంది. ఇద్దరూ విన్నది సరిగ్గానే విన్నారు. ఆ సాయంత్రం రెండు నోట్లూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే తెలుస్తుంది, ఈ ఇంట్లో నీటి లెక్క చావు లెక్కతో ముడిపడిందని. ముందు ఆ చావు గురించి ఎవరైనా మాట్లాడాలి, గంటకు ఎంత నీరనేది తర్వాత.

ఇళ్లకు వెళ్లేటప్పుడు:

- ఒకరు అడుగుతారు, ఒకరు రాస్తారు. మధ్యలో పాత్రలు మార్చకండి.
- అక్కడ పరిష్కారాలు చెప్పకండి, ఊరికే ధైర్యం కోసమైనా మాట ఇవ్వకండి.
- రెండు ఊళ్లలోనూ ఇళ్ల సంఖ్య సమానంగా ఉండాలి. జనం లెక్కపెడతారు.
- గొడవకు దిగిన కుర్రవాళ్లను వదిలేయకండి. పెద్దలతోనే మాట్లాడి వచ్చేస్తే రేపు ఒప్పందం విరిగేది వాళ్ల చేతుల్లోనే.

నిజాలు సేకరించేటప్పుడు కొలతలు ఇరుపక్షాల ముందే తీయండి. తూము దగ్గర కొలబద్ద ఒక ఊరి మనిషి పట్టుకోవాలి, అంకె రెండో ఊరి మనిషి చదవాలి, ఇద్దరూ సంతకం చేయాలి. మీ ఇంజనీరు ఒంటరిగా వెళ్లి తెచ్చిన లెక్క ఎంత కచ్చితమైనదైనా అది "మీ లెక్క"గానే మిగులుతుంది.

పటాలు సాధ్యమైనంత త్వరగా బల్ల మీదకు తెండి. 1995 నవంబరులో అమెరికాలోని డేటన్‌లో బోస్నియా యుద్ధాన్ని ముగించే చర్చలు జరిగినప్పుడు, భూభాగాన్ని కంప్యూటర్ తెరపై ఎత్తుపల్లాలతో సహా చూపే వ్యవస్థను వాడారు. గోరాజ్దే పట్టణానికి ఎంత వెడల్పు దారి కావాలన్న పేచీలో, మధ్యలో ఉన్న కొండలు కళ్లకు కనిపించడం బాగా పనికొచ్చింది.

5. పనులకు వరుస పెట్టండి

1. హింస ఆగాలి, కనీసం కొన్ని గంటలైనా.
2. ఇద్దరికీ అవసరమైన ఒక చిన్న పని కలిసి చేయాలి.
3. నిజాలు కలిసి తేల్చాలి.
4. తర్వాతే పరిష్కార మార్గాలు, ఆపైన ఒప్పందం రాత.

రెండో మెట్టుకు మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ మంచి ఉదాహరణ. అంతర్యుద్ధం మధ్యలో, 1985లో, పిల్లలకు టీకాలు వేయడానికి ప్రభుత్వం, తిరుగుబాటుదారులు ఇరుపక్షాలూ కాల్పులు ఆపాయి. యునిసెఫ్, కాథలిక్ చర్చి, వైద్య సిబ్బంది కలిసి సాధించిన విరామం అది. 1992లో శాంతి ఒప్పందం కుదిరేదాకా ఏటా అలాంటి రోజులు పాటించారు. ఆ టీకాల వల్లే యుద్ధం ఆగిందని నేను చెప్పను. శత్రువు మాట మీద నిలబడగలడని ఇరువైపులా ఏటా ఒకసారి చూశారు, అంతవరకు నిజం.

కెన్యా ఈశాన్యాన వజీర్‌లో 1990ల తొలినాళ్లలో తెగల పోరు సాగుతుండగా, దేఖా ఇబ్రహీం అబ్ది, మరికొందరు స్త్రీలు మొదట పట్టుకున్నది సంతను. ఏ తెగ స్త్రీ అయినా భయం లేకుండా అమ్ముకోగలగాలి, కొనుక్కోగలగాలి. ఆ తర్వాతే పెద్దల దగ్గరికి, యువకుల దగ్గరికి, అధికారుల దగ్గరికి వెళ్లారు. మన కాలువ ఊళ్లలో బస్సు దారి అలాంటిదే. మొదటి వారం దాని మీద పెట్టండి.

6. ఒకే కాగితం మీద రాయండి

ఎగువ ఊరిది ఒక పత్రం, దిగువ ఊరిది మరొకటి, మీ లాయరుది మూడోది అయితే ప్రతివారూ తమ కాగితాన్ని కాపాడుకోవడంలో పడతారు. బల్ల మీద ఒకే ముసాయిదా ఉండాలి. అది బృందం రాసినదై ఉండాలి.

1978 సెప్టెంబరులో క్యాంప్ డేవిడ్‌లో ఈజిప్టు, ఇజ్రాయెల్ నాయకులతో 13 రోజులు సాగిన చర్చల్లో అమెరికా బృందం ఇదే చేసింది. ముసాయిదాను పట్టుకుని "ఇందులో ఏది మీకు కుదరదు?" అని ఇరువైపులా అడుగుతూ, దిద్దుతూ 23 సార్లు తిరగరాశారు. "ఒప్పుకుంటారా, లేదా?" అని అడిగితే మనిషి పంతానికి పోతాడు. "ఎక్కడ ఇబ్బంది?" అని అడిగితే వేలు పెట్టి చూపిస్తాడు.

ప్రతి షరతునూ ఒక్కో నిపుణుడు తన కళ్లతో చదవాలి. "రెండు ఊళ్లకూ నీరు న్యాయంగా పంచాలి" అన్న వాక్యం వినడానికి బాగుంటుంది, కానీ తూము దగ్గర పనికిరాదు. అందరి చేతులూ పడ్డాక అది ఇలా మారుతుంది: "సోమ, మంగళ, బుధవారాలు తూము పూర్తిగా తెరిచి ఉంటుంది. తాళం చెవులు రెండు. ఊరికొకటి. రెండూ పెడితేనే తెరుచుకుంటుంది. ప్రతి ఉదయం నీటిమట్టం పుస్తకంలో రాసి ఇద్దరు సంతకం చేస్తారు. తేడా వస్తే ఆ సాయంత్రంలోగా పంచాయతీ పెద్దలకు, టీచరుకు చెప్పాలి."

ప్రతి షరతుకూ ఈ పరీక్ష పెట్టండి:

- ఎవరు చేయాలి? పేరు లేదా పదవి ఉందా?
- ఎప్పటిలోగా?
- జరిగిందని ఎలా తెలుస్తుంది, ఎవరు చూస్తారు?
- జరగకపోతే మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలి?
- పదో తరగతి చదివిన మనిషి ఒక్కసారి చదివితే అర్థమవుతుందా?

ఇండోనేషియాలోని ఆచే ప్రాంతపు తిరుగుబాటుదారులతో 2005 ఆగస్టులో హెల్సింకీలో సంతకాలైన ఒప్పందంలో, పోరాటం విడిచిపెట్టేవారు 3,000 మంది, అప్పగించే ఆయుధాలు 840 అని అంకెలు రాశారు. అంకె ఉంటే పరిశీలకుడు లెక్కపెట్టగలడు. "తగినన్ని ఆయుధాలు" అని రాసి ఉంటే రోజుకో తగాదా అయ్యేది.

7. గది బయట ఉన్నవారిని మరవకండి

కొలంబియా ప్రభుత్వానికీ ఫార్క్ తిరుగుబాటుదారులకూ హవానాలో ఏళ్లపాటు చర్చలు జరిగాయి. ఎందరో నిపుణులు పాల్గొన్నారు. 2016 అక్టోబరు 2న ప్రజాభిప్రాయ సేకరణలో ఆ ఒప్పందం స్వల్ప తేడాతో ఓడిపోయింది. మార్పులు చేసి నవంబరు 24న మళ్లీ సంతకాలు పెట్టవలసి వచ్చింది. జనానికి విషయం చెప్పగలిగిన మనిషిని చివరి వారంలో కాకుండా మొదటి రోజే బృందంలోకి తీసుకోండి.

నమ్మకం విషయంలో మరో పాఠం ఉత్తర ఐర్లండ్‌ది. ఆయుధాల విసర్జనను పర్యవేక్షించిన అంతర్జాతీయ సంఘానికి కెనడా జనరల్ జాన్ డి షాస్ట్‌లేన్ అధ్యక్షుడు. సాంకేతికంగా అది చాలు. అయినా 2005లో ఐఆర్ఏ అనే ఐరిష్ సాయుధ సంస్థ ఆయుధాలను పనికిరాకుండా చేసినప్పుడు ఒక కాథలిక్ మతగురువు, ఒక ప్రొటెస్టెంట్ మతగురువు కూడా పక్కన నిలబడి చూశారు. మీరు పనిచేసే చోట జనం "వాళ్లు చూశారా?" అని ఎవరి గురించి అడుగుతారో ఆలోచించి సాక్షులను ఎంచుకోండి.

8. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

*ఒక నిపుణుడే సమావేశాన్ని నడిపించేస్తున్నారు.* సాధారణంగా అది లాయరు లేదా అధికారి. సమన్వయం చేసే బాధ్యతను విషయ నిపుణుడు కాని మనిషికి ఇవ్వండి. ప్రతి అంశం మీద ముందు స్థానిక సభ్యులు, చివర పెద్ద పదవిలో ఉన్నవారు మాట్లాడేలా వరుస మార్చండి.

*బృందంలోని విభేదం ఊళ్లోకి పొక్కింది.* దాచకండి. "ఈ విషయంలో మాలో రెండు అభిప్రాయాలున్నాయి, కారణాలు ఇవి" అని ఇరుపక్షాలకూ ఒకే రోజు, ఒకే మాటల్లో చెప్పండి.

*బాధితులతో మళ్లీ మళ్లీ అదే కథ చెప్పిస్తున్నారు.* ఇది అన్నిటికన్నా క్రూరమైన తప్పు. డాక్టరుకు ఒకసారి, లాయరుకు ఒకసారి, పరిశోధకుడికి ఒకసారి ఆ తల్లి తన కొడుకు చావును వివరించకూడదు. ఒక్కసారి, ఆమె ఎంచుకున్న చోట, ఆమె అనుమతితో రాసుకుని, మిగతావారు ఆ నోటు చదవాలి.

*సభ్యుడు ఒక పక్షం వైపు మొగ్గాడు.* మనుషులకు జాలి కలగడం తప్పు కాదు. కొంతకాలం ఆయన్ని రెండో ఊరి ఇళ్లకు పంపండి. అప్పటికీ మారకపోతే చర్చల నుంచి తప్పించి, కాగితం పని అప్పగించండి.

*సభ్యులకు నిద్ర పట్టడం లేదు, చిన్న విషయానికి విసుక్కుంటున్నారు.* విన్న దుఃఖం వారిలో పేరుకుంటోంది. మానసిక నిపుణురాలు ఊరి కోసమే కాదు, బృందం కోసం కూడా ఉన్నారు. వారానికోసారి తలుపు వేసుకుని కూర్చోండి. ఆ గంటలో నోట్లు రాయకండి.

9. వెళ్లే ముందు అప్పగించండి

బయలుదేరే తేదీ ఒకటో భాగంలోని పేజీ మీదే ఉంది కదా. ఆ తేదీకి నెల ముందు నుంచి సమావేశాలు మీరు పిలవడం మానేయండి. స్థానిక సభ్యులు పిలవాలి, మీరు గోడ పక్కన కూర్చోవాలి. వెళ్లే ముందు ఇవన్నీ పూర్తయ్యాయో లేదో చూసుకోండి:

- కొలతల పుస్తకం అసలు ప్రతి రెండు ఊళ్ల ఉమ్మడి సంరక్షణలో ఉంది
- "బృందం దాటకూడదు" అన్న గుర్తున్న నోట్లను ఏం చేయాలో చెప్పినవారినే అడిగి, వారు కోరినట్లే చేశారు
- తేడా వస్తే ఎవరికి ఫోను చేయాలో రెండు ఊళ్లలోనూ గోడ మీద రాసి ఉంది
- ఆరు నెలలకు, సంవత్సరానికి తిరిగి వచ్చి చూసే తేదీలు ఖరారయ్యాయి
- ఆ రెండు కుటుంబాల దగ్గరికి బృందమంతా వెళ్లి సెలవు తీసుకుంది

చివరిదాన్ని ఫోనులో ముగించకండి. ఇంటికి వెళ్లి, కొడుకును పోగొట్టుకున్న ఆ ముసలామెతో అరుగు మీద కూర్చుని, ఆమె లేచేదాకా ఉండండి.